నిన్న నడిపినవారు నేడూ నడపగలగాలి

‘ఈవ్ ఆన్‌లైన్’ నిర్మాతలైన సీసీపీ గేమ్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

రేక్యవిక్ నగరంలోని సీసీపీ గేమ్స్ యాజమాన్యం వారికి,

పటం పరచుకొని ఆడే ఆటకూ, సర్వర్ మీద నడిచే ఆటకూ ఉన్న అసలు తేడా, అమ్మకం ముగిసిన తరువాత ఆట ఎవరి చేతిలో ఉంటుందన్న చోట బయటపడుతుంది. వైకుంఠపాళి పటం కొని ఇంటికి తెచ్చుకున్నవారికి, దాన్ని అచ్చువేసినవారు మరుసటి నెల వచ్చి పెద్దపాము తలను మరో రెండు గళ్లు పైకి జరుపుతారన్న బెంగ ఉండదు. సర్వర్, అనగా ఆటలోని ప్రపంచాన్నంతా తనలో నిలుపుకొని ఆటగాళ్లందరినీ ఏకకాలంలో కలిపే కంప్యూటర్ల సముదాయం, నిర్మాత అధీనంలోనే ఉంటుంది గనుక, అక్కడ ఏ పాము పొడవునైనా ఏ నిచ్చెన ఎత్తునైనా ఏ రోజునైనా మార్చే వీలు నిర్మాతకు ఎప్పటికీ మిగిలే ఉంటుంది. 1997లో పుట్టిన సీసీపీ సంస్థ, తొలినాళ్లలో ఐస్‌లాండ్ ఇళ్లకు ఒక పటం ఆటను అమ్మి ఈ అంతరిక్షపు ఆటకు కావలసిన డబ్బు కొంత సమకూర్చుకున్నది కాబట్టి, రెండు రకాల బేరాలూ చేసి చూసిన యాజమాన్యానికి ఈ తేడాను వేరొకరు విప్పి చెప్పనక్కరలేదు. మార్చే అధికారం సంస్థదేనన్న విషయంలో ఈ లేఖకు పేచీ లేదు. ఆ అధికారాన్ని ఏ హద్దులో వాడినప్పుడు ఆటగాళ్లు సర్దుకుపోయారో, ఏ హద్దు దాటినప్పుడు తిరగబడ్డారో సంస్థ చరిత్రలోంచే చూపి, ఆ హద్దును రాతపూర్వకంగా ఒప్పుకొమ్మని కోరడమే దీని పని.

ఆటతో పరిచయం లేని పాఠకుల కోసం కొన్ని మాటలు చెప్పవలసి ఉన్నది. 2003 మే 6న మొదలైన ఈవ్ ఆన్‌లైన్‌లో ‘న్యూ ఈడెన్’ అనే కల్పిత నక్షత్ర సమూహం ఉంటుంది. అందులో దారులు తెలిసిన నక్షత్ర మండలాలు ఐదువేలకు పైగా ఉండగా, 2009లో వాటికి ‘వర్మ్‌హోల్’ అనే అస్థిరమైన సొరంగాల గుండా మాత్రమే చేరగల మరో రెండున్నర వేల మండలాలు తోడయ్యాయి. చాలా ఆటలు తమ జనాన్ని పదులకొద్దీ సర్వర్ల మీద వేరువేరు ప్రతులుగా పంచుకుంటాయి. ఇక్కడ మాత్రం చైనాలోని విడి సర్వర్‌ను మినహాయిస్తే, లోకమంతటి ఆటగాళ్లూ ‘ట్రాంక్విలిటీ’ అనే ఒకే ప్రపంచంలో ఉంటారు. నౌకలు, వాటి ఫిరంగులు, అవి లంగరు వేసే కోటలు దాదాపుగా అన్నీ ఆటగాళ్లు తవ్వి, శుద్ధి చేసి, తయారుచేసి, తమలో తాము అమ్ముకొన్నవే. ఆ లావాదేవీల్లో చెలామణి అయ్యే నాణేన్ని ఐఎస్‌కే అంటారు, చిత్రంగా ఐస్‌లాండ్ దేశపు అసలు కరెన్సీకి అంతర్జాతీయ సంకేతం కూడా అదే. 2014 జనవరి 27, 28 తేదీల్లో బి-ఆర్5ఆర్‌బి అనే మండలంలో సుమారు 21 గంటలపాటు సాగిన యుద్ధంలో ఏడున్నర వేలకు పైగా ఆటగాళ్లు పాల్గొనగా, ‘టైటాన్’ తరగతికి చెందిన 75 మహానౌకలు (వాటిలో ఒక రకానికి మన ‘అవతార్’ అన్న పేరే పెట్టారు) తిరిగిరాకుండా పోయాయి. ఆ రోజు కాలిపోయిన ఆస్తి 11 లక్షల కోట్ల ఐఎస్‌కే అనీ, అసలు డబ్బులోకి మారిస్తే మూడు లక్షల డాలర్లకు పైమాటేననీ లెక్కగట్టారు. ఇక్కడ పోయిన నౌక పోయినట్లే గనుక, ఓడిపోవడంలో నిజమైన బాధా, గెలవడంలో నిజమైన పొగరూ ఉంటాయి.

నౌక కొంటే సరిపోదు, నడపడం నేర్చుకోవాలి. ఆ నేర్పు ఇక్కడ గడియారంతో వస్తుంది. శత్రువులను చంపితే అనుభవం పెరిగే మామూలు ఆటల పద్ధతికి భిన్నంగా, ఫలానా నైపుణ్యం నేర్చుకోవాలని ఆటగాడు ఎంచుకొన్న తరువాత, కంప్యూటర్ ఆపి నిద్రపోయినా, ఉద్యోగానికి వెళ్లినా, అది అసలు కాలంలోనే గంటగంటకూ పాయింట్లుగా పోగవుతుంది. పెద్ద నౌకలకు నెలలూ, మహానౌకలకు అంతకు మించీ పట్టేది. ఆటగాడి ఖాతాలో ఉన్న నైపుణ్యాల పాయింట్లు అతడు కట్టిన చందాకూ గడిపిన ఏళ్లకూ రశీదు వంటివి. ఈ సంగతిని యాజమాన్యం ఒకప్పుడు బాగా ఎరిగి ప్రవర్తించింది. 2010 డిసెంబరులో ‘నేర్చుకొనే నైపుణ్యాలు’ అనే వర్గాన్ని, అంటే మిగతా నైపుణ్యాలు త్వరగా రావడానికి తప్ప మరెందుకూ పనికిరాని, కొత్తవారి తొలి వారాలను నమిలేసే నైపుణ్యాలను, మొత్తంగా తొలగించినప్పుడు, వాటి మీద పోగైన ప్రతి పాయింటునూ తిరిగి ఇచ్చింది. 2013 జూన్‌లో బ్యాటిల్‌క్రూజర్, డిస్ట్రాయర్ తరగతుల నౌకలకు ఉన్న ఒక్కో నైపుణ్యాన్ని ఆటలోని నాలుగు జాతుల వారీగా నాలుగు ముక్కలు చేసినప్పుడు, మార్పుకు ముందు ఏ నౌకను నడపగలిగినవారు మార్పు తరువాత కూడా ఆ నౌకను నడపగలిగేలా ఏర్పాటు చేసింది. ఆ రెండు మార్పులూ చిన్నవి కావు, అయినా అప్పుడు ఎవరూ వీధికెక్కలేదు. ఈ లేఖకు శీర్షికగా నిలిచిన సూత్రం ఆ రోజుల్లో సంస్థ స్వయంగా పాటించినదే.

ఆ సూత్రాన్ని మరిచిన సందర్భాల్లో 2011 వేసవి అందరికీ గుర్తున్నదే అయినా, అక్కడ కాసేపు ఆగవలసి ఉన్నది. జూన్ 21న ‘ఇన్‌కార్నా’ అనే విస్తరణ విడుదలైంది. పాత ఆటకు కొత్త భాగాలను చేర్చే పెద్ద నవీకరణను విస్తరణ అంటారు. అంతకుముందు ఆటగాడు ఏదైనా అంతరిక్ష కేంద్రంలో నౌకను నిలిపితే తెర మీద ఆ నౌకే కనిపించేది. మౌస్‌తో దాన్ని పట్టుకొని గిరగిరా తిప్పుతూ స్నేహితులతో కబుర్లాడటం ఏళ్ల తరబడి అలవాటైన కాలక్షేపం. ఇన్‌కార్నా ఆ దృశ్యాన్ని తీసేసి, నావికుడి మనిషి రూపాన్ని ఒక గదిలో నిలబెట్టింది. గదిలో ఒక సోఫా, ఒక అద్దం, గోడకు ఒక పెద్ద తెర, బయటికి దారితీయవలసిన ఒక తలుపు ఉన్నాయి; తలుపు మాత్రం తెరుచుకోలేదు. అవతల తోటి ఆటగాళ్లు కలుసుకొనే వసారాలూ అంగళ్లూ వస్తాయన్న హామీ హామీగానే ఉండిపోయి, చివరికి 2017లో ఆ గదినే ఎత్తివేశారు. అదే విస్తరణతో అసలు డబ్బుకు అలంకారాలు అమ్మే దుకాణం తెరిచి, అందులో ఒంటికంటి అద్దం ఒకదానికి అరవై డాలర్ల పైచిలుకు ధర కట్టారు. నాలుగు నెలల చందాకు సమానమైన ఆ ధర పెట్టి కొన్న వస్తువు పాత్ర ముఖచిత్రం మీదా, తాళం పడిన ఆ గదిలోనూ తప్ప కనిపించే చోటే లేదు. ఆ వారంలోనే సంస్థ లోపలి పత్రిక ఒకటి బయటికి పొక్కింది. దురాశ మంచిదేనా అన్న అర్థం వచ్చే శీర్షికతో, ముందుముందు ఏమేమి అమ్మవచ్చో చర్చించిన ఆ పత్రిక చూసి, నేడు అద్దం అమ్మినవారు రేపు ఫిరంగి గుండ్లు అమ్మరన్న నమ్మకం ఏమిటని ఆటగాళ్లు అడిగారు. ఆటగాళ్లు చెప్పే మాటల కంటే చేసే పనులనే ఎక్కువగా గమనించాలంటూ ప్రధాన కార్యనిర్వహణాధికారి హిల్మర్ వేగర్ పెతుర్సన్ ఉద్యోగులకు రాసిన ఉత్తరం కూడా బయటపడడంతో, వాళ్లు ఆ మాటను అక్షరాలా పట్టుకొని, పని చేసి చూపారు: చందాలు రద్దు చేసుకొన్నారు, జీటా అనే వ్యాపార మండలానికి వందలుగా తరలివచ్చి, ఎంత కాల్చినా చెక్కుచెదరదని తెలిసిన స్మారకశిల్పం చుట్టూ తిరుగుతూ గంటల తరబడి కాల్పులు జరిపారు.

చెక్కుచెదరని రాతి మీద గుండ్లు ఖర్చుపెట్టడం వెర్రిగా కనిపించవచ్చు. కాని ఫిర్యాదు వినే నాథుడు లేనిచోట ఆ ప్రపంచపు భాషలోనే ఫిర్యాదు చెప్పుకొనే దారి అదొక్కటే. దాంతో సంస్థవారు, ఆటగాళ్లు ఎన్నుకొన్న ప్రతినిధులను హడావుడిగా రేక్యవిక్ పిలిపించి మాట్లాడారు. ఆటలో బలాన్నిచ్చే వస్తువులను డబ్బుకు అమ్మే ఉద్దేశం లేదని ఉమ్మడిగా ప్రకటించారు. అక్టోబరులో పెతుర్సన్ తన తప్పిదాలను ఒప్పుకొంటూ సుదీర్ఘమైన లేఖ రాశారు. అదే నెలలో సంస్థ తన సిబ్బందిలో ఐదో వంతు మందిని తొలగించవలసి వచ్చింది. యాజమాన్యం చేసిన అంచనా తప్పుకు ఉద్యోగాలు పోగొట్టుకొన్నవారిలో ఆ అంచనాతో సంబంధం లేనివారు ఎందరో ఉండి ఉంటారన్నది ఈ కథలో అందరూ తొందరగా దాటిపోయే ఘట్టం. నవంబరు 29న వచ్చిన తరువాతి విస్తరణ ‘క్రూసిబుల్’ పాత నౌకాదృశ్యాన్ని వెనక్కి తెచ్చింది. ఎన్నిసార్లు గిరగిరా తిప్పారో లెక్కపెట్టే మీటరును కూడా తోడుగా పెట్టింది. క్షమాపణలన్నింటిలోకీ ఆటగాళ్ల మనసుకు దగ్గరగా వచ్చినది ఆ చిన్న మీటరేనని చెప్పవచ్చు.

2016 ఫిబ్రవరిలో వచ్చిన మార్పు అంత గోల లేకుండా జరిగింది, కాని అంతకంటే లోతుగా దిగింది. పాయింట్లు కాలంతో మాత్రమే వస్తాయన్న పన్నెండేళ్ల నియమాన్ని పక్కనపెట్టి, ఒక పాత్ర నుంచి ఐదు లక్షల పాయింట్లను తోడి సీసాలో పోసి బజారులో అమ్మవచ్చనీ, కొన్నవారు దాన్ని తమ పాత్రకు ఎక్కించుకోవచ్చనీ సంస్థ ప్రకటించింది. దీని వెనుక ఉన్న కారణం తేలికగా కొట్టిపారేయదగినది కాదు: 2003లో చేరినవారిని 2016లో చేరినవారు ఎన్నటికీ అందుకోలేని ఆటకు కొత్తవారు రారు. ఎనిమిది కోట్ల పాయింట్లు దాటినవారికి అదే సీసా నుంచి లక్షన్నర మాత్రమే దక్కేలా తరుగు పెట్టడంలో కూడా వివేకం కనిపిస్తుంది. అయితే తోడే పరికరాన్ని అసలు డబ్బుకు అమ్మినది సంస్థే కావడంతో, కాలానికి రశీదుగా ఉన్నది ఒక్క రోజులో సరుకుగా మారింది. ఎనిమిది నెలలు ఓపికపట్టి మహానౌక నేర్చినవారు, జేబు బరువున్నవారు ఒక మధ్యాహ్నంలో అదే నేర్చుకోవడం చూశారు. ఎవరి పాయింట్లూ పోలేదు గనుక నష్టం ఏమున్నదని యాజమాన్యం అడగవచ్చు. పోయినది పాయింటు విలువ. ఖాతాలోని అంకె అలాగే ఉండి విలువ తరిగిపోవడం అంటే ఏమిటో బ్యాంకులో డబ్బు దాచుకొన్న ఎవరికైనా తెలుసు.

2019 జూలైలో చేసిన ‘బ్లాకవుట్’ ప్రయోగం మరో తరహాది. చట్టరక్షణ లేని బయటి ప్రాంతాల్లో, ఒక మండలంలోకి ఎవరు అడుగుపెట్టినా వారి పేరు వెంటనే అక్కడి సంభాషణ జాబితాలో కనిపించేది. పొలం గట్టున కుక్క మొరిగినట్లు అది అక్కడి గనివారికి కాపలా కాసేది. ఆ జాబితాను మూయగానే వేటగాళ్లు సంబరపడ్డారు, వేటాడబడేవారు ఆటలోకి రావడం మానుకొన్నారు, రెండు నెలలు తిరిగేసరికి సెప్టెంబరులో జాబితా తిరిగి వచ్చింది. వర్మ్‌హోల్ మండలాల్లో మొదటి నుంచీ అలాంటి జాబితా లేదన్నది నిజమే, కాని అక్కడ ఉండేవారు ఆ చీకటిని తెలిసి ఎంచుకొన్నవారు.

ఇక అన్నింటికంటే ఎక్కువ కాలం సాగినదీ, ఎక్కువమందిని విసిగించినదీ ‘కొరత’ యుగం. ఆట ఆర్థికవ్యవస్థను చెరువుగా ఊహిస్తే దీన్ని అర్థం చేసుకోవడం తేలిక: దొంగనౌకలను కూల్చినందుకు ఆట ఇచ్చే బహుమతుల వంటివి నీళ్లు తెచ్చే కాలువలు, వ్యాపారపు పన్నులూ రుసుములూ నీళ్లు వదిలే తూములు, యుద్ధంలో కాలిపోయే నౌకలు పొలంలో ఇంకిపోయే నీరు. 2010 దశకం రెండో సగంలో ‘రార్క్వల్’ అనే భారీ గనినౌకలను ఒక్కొక్కరే పలు ఖాతాలతో గుంపులుగా నడిపి ఖనిజాన్ని వరదలా తవ్విపోయడంతో, ఒకప్పుడు ఒక ఆటగాళ్ల కూటమికి ఒకటీ రెండూ ఉంటే గొప్పగా చెప్పుకొన్న మహానౌకలు వందలకొద్దీ పెరిగిపోయాయి. చెరువు పొంగుతున్నదన్న సంస్థ నిర్ధారణ సరైనదేనని చెప్పడానికి సంకోచించనక్కరలేదు. 2007లోనే ఒక అర్థశాస్త్రవేత్తను ఉద్యోగంలో పెట్టుకొని లెక్కలు ప్రచురించిన సంస్థకు ఆ మాత్రం లెక్క తప్పదు. తప్పినది మందు మోతాదు. 2019 చివరి నుంచి సుమారు రెండేళ్లపాటు గ్రహశకలాలను కుదించారు, ఖనిజాలు దొరికే చోట్లను మార్చారు, 2021 ఏప్రిల్‌లో పెద్ద నౌకల తయారీకి కావలసిన వస్తువుల చిట్టాను కొత్త పొరలతో పొడిగించి వాటి ఖర్చును కొన్ని రెట్లు పెంచారు.

ఈ మార్పు నేల మీద ఎలా ఉంటుందో చూడాలంటే చిన్న గనినౌక దగ్గరికి రావాలి. సర్వర్ రోజూ గ్రీనిచ్ కాలమానం ప్రకారం ఉదయం 11 గంటలకు, అంటే భారత కాలమానంలో సాయంత్రం నాలుగున్నరకు, కొద్దిసేపు ఆగి తిరిగి మొదలవుతుంది. తవ్వి ఖాళీ చేసిన శకలాల పట్టీలు ఆ విరామంలోనే మళ్లీ నిండుతాయి. గనివారు వచ్చి, వెల్డ్‌స్పార్ రాయి మీద లేజర్ నిలిపి, తవ్వకపు ఆవృత్తులు ఒకదాని వెనుక ఒకటి పూర్తవుతుంటే సరుకు గది నిండటం చూస్తూ కూర్చుంటారు. ఆ రాయి నుంచి తీసే ట్రైటానియం లేకుండా దాదాపు ఏ నౌకా తయారు కాదు. పట్టీలో రాళ్లు తగ్గిన రోజున వారికి దక్కేది తగ్గుతుంది, కొనవలసిన నౌక ధర పెరుగుతుంది. అదే రోజున, వరద కాలంలో మహానౌకలు కట్టి దాచుకొన్న పెద్ద కూటముల కొట్లలోని సరుకు విలువ ఏ కష్టమూ లేకుండా పెరుగుతుంది. పొంగును తగ్గించడానికి తెచ్చిన విధానం, పొంగుకు కారకులైనవారి గాదెలను మరింత బరువెక్కించి, అప్పుడే చేరినవారి ముందు గోడ కట్టింది. సంస్థ పిలిచి తెచ్చుకోవాలనుకొన్న కొత్త ఆటగాళ్లే ఆ గోడకు ఇవతల మిగిలారు. పైగా తిరిగి కట్టలేని నౌకను యుద్ధానికి తీసేందుకు ఎవరికీ చేయిరాదు. 2021 నవంబరులో కొరత ముగింపుగా ప్రకటించిన ప్రణాళికలో కూడా, బలమైన లేజర్లు తవ్వేటప్పుడు కొంత ఖనిజాన్ని వృథాగా నాశనం చేస్తాయన్న నిబంధన కనిపించేసరికి ఓపిక నశించిన ఆటగాళ్లు గగ్గోలు పెట్టడం, సంస్థ అంకెలను సవరించుకోవడం జరిగాయి. ఇంత జరిగిన ఆరు నెలలకు, 2022 మే నెలలో, చందాను నెలకు 14.99 డాలర్ల నుంచి 19.99 డాలర్లకు, అంటే మూడో వంతు, పెంచారు. చాలా ఏళ్లుగా పెరగని ధర గనుక పెంపు అన్యాయమని అనలేము. గోరుచుట్టు మీద రోకలిపోటుగా తగిలిందంటే కారణం వేళ. ఒక్కొక్కరే మూడు నాలుగు ఖాతాలు నడిపే ఆటలో మూడో వంతు పెంపు ఎంతవుతుందో చెప్పనక్కరలేదు.

ఆటగాళ్ల ప్రతి మొరా న్యాయమైనదని ఈ లేఖ వాదించడం లేదు. తమకు లాభించే అసమతుల్యాన్ని సంప్రదాయమని పిలవడం, దాన్ని సరిదిద్దితే ద్రోహమని అరవడం వారిలో కొందరికి అలవాటే. రార్క్వల్ గుంపులకు కళ్లెం వేసినప్పుడు వినిపించిన శోకంలో సగం అటువంటిదే. మార్పే లేని ఆట ఎండిపోతుంది. అయితే మార్పు పేరుతో ఎంత దూరం పోవచ్చునో ‘స్టార్ వార్స్ గెలాక్సీస్’ ఉదంతం చెబుతుంది: 2005 నవంబరులో ఆ ఆట నిర్వాహకులు, ముప్ఫైకి పైగా ఉన్న వృత్తులను తొమ్మిదికి కుదించి, పోరాట విధానాన్ని సమూలంగా మార్చి, ఆటగాళ్లు కొత్త విస్తరణకు డబ్బు చెల్లించిన రోజుల వ్యవధిలోనే ఆ సంగతి వెల్లడించి, చివరికి ఆ డబ్బు వాపసు ఇవ్వవలసిన స్థితి తెచ్చుకొన్నారు. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అన్న సామెతను తిరగేసినట్లు, అక్కడ ఓడ ఎక్కి కూర్చున్నవారే బోడి మల్లయ్యలయ్యారు. పెద్ద సంఖ్యలో వెళ్లిపోయినవారు తిరిగిరాలేదు. 2011 డిసెంబరు 15న ఆ ఆట మూతపడింది.

సీసీపీకి అటువంటి గతి పట్టకపోవడానికి ఒక కారణం, అది తన తప్పు నుంచి ఒక సంస్థాగత ఏర్పాటును పుట్టించుకోవడం. 2007లో సంస్థ ఉద్యోగి ఒకరు తాను ఆడే కూటమికి అరుదైన తయారీ నమూనాలను అక్రమంగా సమకూర్చినట్లు తేలినప్పుడు, కంచే చేను మేసిందన్న ఆగ్రహం చల్లారే మార్గంగా, 2008లో ఆటగాళ్లు ఓటువేసి ఎన్నుకొనే ‘కౌన్సిల్ ఆఫ్ స్టెల్లార్ మేనేజ్‌మెంట్’ ఏర్పడింది. ఆ ప్రతినిధులు రేక్యవిక్ వెళ్లి, రానున్న మార్పులను ముందుగా చూసి, అభిప్రాయం చెబుతారు. వ్యాపార సంస్థ ఒకటి వినియోగదారుల చేత ఎన్నికైన మండలిని ఇన్నేళ్లు పోషించడం అరుదైన విషయమే. దాని బలహీనత, సభ్యులు సంతకం చేసే గోప్యతా ఒప్పందంలో ఉన్నది: చెడ్డ మార్పు వెలువడ్డ రోజున, లోపల గట్టిగా వ్యతిరేకించిన సభ్యుడు కూడా ఆ మాట బయట చెప్పుకోలేడు, ఓటు వేసినవారు మీరేం చేశారని నిలదీస్తే నోరు విప్పలేడు. సంస్థకు అది కవచంగా పనిచేస్తుందేమో గాని, మండలికి గౌరవం మిగల్చదు.

కాబట్టి యాజమాన్యం వారి ముందు పెడుతున్న కోరికలు పెద్దవి కావు. 2013లో నౌకల నైపుణ్యాలకు పాటించిన సూత్రాన్ని కాలానికీ శ్రమకూ రశీదుగా ఉన్న ప్రతిదానికీ వర్తింపజేసి, ఏ మార్పు ప్రకటనలోనైనా, నిన్నటిదాకా ఈ పని చేసుకొంటూ వచ్చినవారి గతి ఏమిటన్న ప్రశ్నకు ఒక పేరా జవాబు తప్పనిసరిగా రాయాలి. జవాబు నష్టమే అయినప్పుడు నష్టమనే రాయాలి. కొరత వంటి దీర్ఘకాలపు విధానాలకు, ఏ అంకె ఏ స్థాయికి చేరితే అవి ఎత్తివేస్తారో మొదటిరోజే చెప్పాలి. బ్లాకవుట్‌ను రెండు నెలల్లో వెనక్కి తీసుకోగలిగిన సంస్థకు ఇది చేతకాని పని కాదు. ప్రతినిధి మండలి ఒక మార్పును వ్యతిరేకించి ఉంటే, ఆ వ్యతిరేకతనూ అందుకు చెప్పిన కారణాలనూ మార్పు అమల్లోకి వచ్చిన నెలలోపు, వారి మాటల్లోనే, సంస్థ కత్తెర పడకుండా ప్రచురించాలి. రేక్యవిక్ రేవు దగ్గర 2014లో సంస్థ నిలబెట్టిన స్మారకం మీద వేలాది ఆటగాళ్ల పాత్రల పేర్లు చెక్కి ఉన్నాయి. జీటాలో రాతిని కాల్చిన చేతుల్లో అనేకం ఈ రాతి మీద పేర్లు ఉన్నవారివే అయి ఉండాలి. పేర్లు చెక్కించేటప్పుడు ఎవరు కాల్చారని సంస్థ అడగలేదు. ఆ పేర్లవారిలో ఇంకా ఆడుతున్నవారు తరువాతి మార్పు ప్రకటన కోసం ఎదురుచూస్తున్నారు, ఆ ఒక్క పేరా అందులో ఉంటుందా లేదా అని.